బాపు ఎక్కని బండి

‘‘ఆ కారుకు ఎన్ని సీట్లు?’’ అంది మా ఆవిడ.

‘‘రెండు.’’

‘‘మనం ఎంతమందిమి?’’

జవాబు చెప్పలేదు నేను. ఆమే వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తను, నేను, మా తొమ్మిదేళ్ల పాప, మా బాపు. మా ఇంట్లో నాన్నను బాపు అనే పిలుస్తాం. ‘‘అయితే ఇద్దరు కార్లో, ఇద్దరు బస్సులోనా?’’ అంటూ పోపు మాడుతోందని వంటింట్లోకి వెళ్లిపోయింది. ‘‘రోజు విడిచి రోజు వంతులేసుకుందాం డాడీ’’ అంది మా పాప. ఇంట్లో నాకు పడ్డ ఓటు అదొక్కటే!

సంగతేమిటంటే, బాపు నౌకరీలో ఉన్నప్పుడు జహీరాబాద్‌లో ఓ ప్లాటు కొన్నాడు. కిందటేడాది దాన్ని అమ్మి అక్కకు సగం, నాకు సగం ఇచ్చేశాడు. నా వాటాకు వచ్చినవి 18 లక్షలు. ‘‘దేనికన్న పెట్టుకో. నన్నడగకు’’ అన్నాడంతే. ఎఫ్‌డీ చెయ్యమని బ్యాంకాయన, బంగారం కొనమని అత్తగారు, కోహీర్ వైపు ఎకరం భూమి చూడమని బావ... తలా ఓ సలహా చెప్పారు. నా మనసు మాత్రం ఇంకెక్కడో ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది.

2005లో నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. నేనప్పుడు కుర్రాణ్ని. పేపర్లో వచ్చిన అతని ఫొటో కత్తిరించి గోడకు అంటించుకున్నాను. మైదా జిగురుతో అంటించానేమో, ఎలుకలు సగం కారు తినేశాయి. జర్నలిజం డిప్లొమా, ఉద్యోగం, పెళ్లి, పాప... ఆ పిచ్చి కూడా పోయిందనుకున్నాను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు జరిగింది. మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డు చుట్టూ 2.83 కిలోమీటర్ల ట్రాకు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కరెంటు కార్లు కదా, పెట్రోలు కార్లలాగా గర్జించవు. ఈల వేసినట్టు పోతాయి. ఆ ఈల చెవుల్లోంచి పోలేదు.

అప్పట్నుంచి పాత కార్ల ప్రకటనలు చూడటం మొదలెట్టాను. ఒకరోజు కంటపడింది. బీఎండబ్ల్యూ జడ్4. రెండు సీట్లు, మూడు లీటర్ల ఇంజిను, 306 గుర్రాల శక్తి. మీట నొక్కితే పైకప్పు దానంతటదే మడుచుకుని డిక్కీలోకి వెళ్లిపోతుంది, అదీ ఇరవై సెకన్లలో. పాతది కాబట్టే నాలాంటివాడు దాని ధర అడగ్గలిగాడు. నా వాటాకు ఇంకో ఏడు లక్షలు లోను తీస్తే సరిపోతుంది.

మరి ఇంట్లో ఉన్న బండి?

2012 స్విఫ్ట్ డీజిల్. నంబరు ఏపీ 23తో మొదలవుతుంది. ఆ నంబరు వచ్చాక మా రాష్ట్రం మారింది, జిల్లా మెదక్ నుంచి సంగారెడ్డి అయింది, బండి మాత్రం మారలేదు. 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో ఉన్నది ఫియట్ వాళ్లు రూపొందించిన 1,248 సీసీ ఇంజిను. స్విఫ్ట్‌లో అదే, ఇండికా విస్టాలో అదే, పుంటోలో అదే. అన్ని కంపెనీల బళ్లలోనూ ఉండేసరికి దానికి ‘జాతీయ ఇంజిను’ అని ముద్దుపేరు పడింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లే మానేసింది. మా బండి శక్తి 75 గుర్రాలు. జడ్4తో పోలిస్తే నాలుగో వంతు.

మేముండేది జహీరాబాద్‌లోనే. వారానికి మూడు రోజులు నేను హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లొస్తాను. పోనూ రానూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పదిహేను రోజులకోసారి బాపును పరీక్షలకు తీసుకెళ్లాలి. ఇన్నేళ్లలో ఆ బండి దారిలో ఆగిపోయింది ఒకే ఒక్కసారి. అదీ నేను డీజిల్ చూసుకోకపోతే!

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2021 మే నెలలో ఒక రాత్రి అమ్మను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, వెనక బాపు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఉండగా, అదే బండిలో హైదరాబాద్ వెళ్లాం. ఆ ప్రయాణం గురించి ఇంతకన్నా రాయలేను. పదమూడో రోజు మేమిద్దరమే తిరిగొచ్చాం. అప్పట్నుంచి బాపు ముందు సీట్లో కూర్చోడు. మా ఆవిడ పాపతో వెనకే కూర్చుంటుంది. ముందు సీట్లో నా ల్యాప్‌టాప్ బ్యాగు ప్రయాణం చేస్తుంది. బాపూ నేనూ ఇద్దరమే వెళ్తుంటే టోల్‌గేటు దగ్గర, ఆస్పత్రి గేటు దగ్గర నన్ను డ్రైవరనుకుంటారు. ‘‘సార్‌ను దింపి బండి పక్కకు పెట్టు’’ అంటాడు వాచ్‌మన్. పెడతాను.

సరే, జడ్4 నడిపి చూశాను. అబద్ధం చెప్పను... అద్భుతం! గచ్చిబౌలి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి కాలు కాస్త గట్టిగా నొక్కానో లేదో, ఎవరో వెనకనుంచి రెండు చేతులతో తోసినట్టయింది. ఐదు సెకన్లలో వంద దాటుతుందని చదవడం వేరు, మన వీపుకు తెలియడం వేరు. నేను పైకే నవ్వేశాను. పక్కనున్న యార్డు కుర్రాడూ నవ్వాడు. ‘‘అందరూ ఇక్కడే నవ్వుతారు సార్’’ అన్నాడు. అవుటర్ మీద వేగపరిమితి 120. ఆ బండికి అది నడక. పరిమితి దగ్గరే ఆగాను కానీ, ఆగడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. కారు కొనేవాళ్లు మైలేజీ గురించి అడుగుతారు, సీట్లు చూస్తారు. ఇలా నవ్వొచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. అడగాల్సిన ప్రశ్నే అది కూడా.

ఒక్క చిక్కు. యార్డులోకి తిరిగొస్తుంటే గేటు దగ్గర స్పీడ్‌బ్రేకరు మీద అడుగు గీరుకుంది. ‘‘అడ్డంగా ఎక్కించాలి సార్’’ అన్నాడు కుర్రాడు. మా కాలనీలో బుర్రకో బుద్ధి, ఇంటికో స్పీడ్‌బ్రేకరు. ఇంకో మాట కూడా చెప్పాడు. దానికి స్టెప్నీ ఉండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు. వెనక టైరు ఒక్కటి మార్చాలంటే నా స్విఫ్ట్‌కు నాలుగు టైర్లు వచ్చేంత అవుతుందట.

అయినా మనసు ఊరుకోలేదు. మర్నాటి వారం బాపును పరీక్షలకు తీసుకెళ్లిన రోజు, వచ్చేదారిలో యార్డుకు తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానంటే... పైసలు ఆయనవి. అడగొద్దన్నాడు కదా, చూపించొచ్చు కదా అని.

బాపు గురించి మీకు చెప్పాలి. ఆయన జీవితమంతా జహీరాబాద్ బళ్ల ఫ్యాక్టరీలోనే గడిచింది. 1980లలో అది ఆల్విన్ నిస్సాన్. కాబ్‌స్టార్ అనే చిన్న లారీలు చేసేవాళ్లు. తర్వాత మహీంద్రా చేతికొచ్చింది. బాపు ఫిట్టర్‌గా చేరాడు, ఫిట్టర్లకు నేర్పేవాడిగా రిటైరయ్యాడు. లైన్లో బోల్టు బిగించాక, బిగించినట్టు గుర్తుగా దాని మీద రంగుచుక్క పెట్టేవాళ్లట. ఆ అలవాటు పోలేదు. మా స్విఫ్ట్ చక్రాల నట్ల మీద ఇప్పటికీ గోళ్లరంగు చుక్కలుంటాయి. పాప డబ్బా ఖాళీ అయిపోతోందని ఇంట్లో నెలకోసారి పంచాయితీ!

యార్డులో బాపు ఆ కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. తలుపుకూ బాడీకీ మధ్య సందులో వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపించాడు. అటువైపు వెళ్లి రెండో తలుపుకూ అలాగే చేశాడు. ‘‘ఫిట్టింగ్ మంచిగుంది’’ అన్నాడు. నా గుండె పొంగింది. ఆయన నోట ఆ మాట రావడం ఎంత కష్టమో ఆయన కింద పనిచేసినవాళ్లనడగండి. ‘‘మీ కంపెనీకే ఇటలీలో ఇంకో కంపెనీ ఉంది బాపూ. అక్కడ చేసే బతిస్తా అనే కారు 1,900 గుర్రాల శక్తి. వంద వేగం రెండు సెకన్లలోపే అందుకుంటుంది. చేసేది నూటయాభై బళ్లే’’ అని ఉత్సాహంగా చెప్పాను. ‘‘ఈడ చేసేటియి ట్రాక్టర్లు, ఆటోలు. అవి లేకుంటే ఊరు నడవది’’ అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో అర్థం కాలేదు.

తర్వాత ఎక్కబోయాడు. బాపుకు కుడి మోకాలి చిప్ప మార్చి మూడేళ్లయింది. తల వంచితే కాలు రాదు, కాలు పెడితే తల తగులుతుంది. యార్డు కుర్రాడొక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుంటే ఎట్లాగో సీట్లోకి జారాడు. ‘‘గుంతల కూసున్నట్టున్నదిరా’’ అన్నాడు. మేం నవ్వాం. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అక్కడేముంది, రేకు తప్ప!

‘‘ఎనక సీటేది?’’

‘‘ఉండదు బాపూ. రెండే సీట్లు.’’

‘‘ఓ’’ అన్నాడు. కాసేపు ముందు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. దించడానికి ఎక్కించినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. బయటికొచ్చి లుంగీ సర్దుకుని, ‘‘కొనుక్కో. మంచి బండి. నేను బస్సుల వోతా, ఏమైతది’’ అన్నాడు. కోపంతో కాదు. నిజంగానే అన్నాడు. అదే నాకు కష్టమైంది. కోపంతో అని ఉంటే కొనేసేవాణ్నేమో.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారేసరికి ఒక మధ్యేమార్గం తోచింది. ఉన్న స్విఫ్ట్‌నే స్పోర్ట్స్ కారు చేస్తే? వెనక సీటు ఉంటుంది, నవ్వూ ఉంటుంది! హైదరాబాద్‌లో అలాంటి పనులు చేసే ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. అతను పెద్ద లిస్టే రాసిచ్చాడు. ఇంజిను కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి 75 గుర్రాలను వంద దాకా తీసుకుపోవడం. దాన్ని రీమ్యాప్ అంటారు. బండిని కిందికి దించే స్ప్రింగులు. పదిహేడు అంగుళాల చక్రాలు. మోగే సైలెన్సరు. అన్నీ కలిపి మూడున్నర లక్షలు. ‘‘జడ్4కు పెట్టేదాంట్లో పిసరంత’’ అనుకుంటూ ఇంటికొచ్చి లిస్టు బాపు చేతికిచ్చాను.

కళ్లజోడు పెట్టుకుని ప్రశ్నపత్రం చదివినట్టు చదివాడు. పెన్ను అడిగాడు.

‘‘75 గుర్రాలకు క్లచ్చు, గేరుబాక్సు, బ్రేకులు అన్నీ లెక్కవెట్టి వెట్టిండ్రు. నువ్వు ఒక్క ఇంజినుకు బలిమి దెస్తే మిగతయి ఏం గావాలె? లక్షా ఎనబైఆరు వేలు తిరిగిన క్లచ్చు అది. ముసలోనికి కొత్త పండ్లు వెట్టి గవ్వలు నమలుమంటే నములుతడా?’’

రీమ్యాప్ మీద అడ్డగీత. స్ప్రింగుల దగ్గర, ‘‘చెరకు సీజన్ల నైట్ రావా నువ్వు?’’ అని అడిగాడు. అర్థమైంది. మా వైపు చలికాలంలో చెరకు ట్రాక్టర్లు వెనక ఎర్రలైటు కూడా లేకుండా చీకట్లో పోతుంటాయి. రోడ్డు మీదే జొన్నలు ఆరబోస్తారు. హఠాత్తుగా బండిని మట్టిరోడ్డు మీదికి దించాల్సి వస్తుంది. అడుగు గీరుకునే బండితో అది కుదరదు. ఇంకో గీత.

సైలెన్సరు సంగతి బాపు చెప్పక్కర్లేకుండా నాకే తెలుసు. పోలీసులు అలాంటివాటిని వరసగా పేర్చి రోడ్డురోలరుతో తొక్కించిన ఫొటోలకు నేనే క్యాప్షన్లు రాశాను! అసలు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు లెక్కకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టసవరణతో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని వచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే, రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఇవన్నీ తెలిసే లిస్టు రాయించుకొచ్చాను. ఆశ అలాంటిది మరి.

చివరికి మిగిలింది చక్రాలు. బాపు దాని మీద గీత పెట్టలేదు. ‘‘పా, సాబ్‌ను చూపిద్దాం’’ అన్నాడు.

సాబ్ అంటే జహీరాబాద్‌లో మా మెకానిక్. బాపును చాచా అంటాడు. బండిని పైకెత్తి లైటేసి చూసి, నాతో ఒక్కమాటే అన్నాడు. ‘‘భయ్యా, పికప్ సంగతి తర్వాత. ఈ టైర్లతోని హైదరాబాద్ ఎట్ల వోతున్నరు?’’

టైరు పక్కన నాలుగంకెలు చూపించాడు. 2317. అంటే 2017లో ఇరవై మూడో వారం తయారైంది. మీరూ ఒకసారి మీ బండి టైర్లు చూసుకోండి. చివర్లో చిన్న గడిలో ఉంటాయి ఆ అంకెలు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. రబ్బరు అరగకపోయినా వయసైపోతుంది, గట్టిపడుతుంది, వాన రోడ్డు మీద పట్టు తప్పుతుంది. నా టైర్ల మీద గాళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి ఏ ఢోకా లేదనుకున్నాను. పక్కలంతా సన్నటి పగుళ్లు. షాకబ్జర్లు రెండు నూనె కారుతున్నాయి. బ్రేకు ఆయిలు టీ డికాక్షన్‌లా నల్లగా ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, రెండేళ్లకోసారి మార్చాలనీ నాకు అప్పటిదాకా తెలియదు. రోడ్డు మీద బండిని పట్టి ఉంచేది టైరుకు అరచేయంత చోటు. నాలుగు అరచేతుల మీద నలుగురం కూర్చుని వారం వారం తిరిగాం. నేనేమో ఐదు సెకన్లలో వంద గురించి కలలు కంటున్నాను.

సిగ్గేసింది. బాపు ఏమీ అనలేదు. తనూ చూసుకోలేదనేమో, ఆయన మొహమూ బాగాలేదు.

ఇక పని మొదలైంది. మా బండికి వచ్చిన చక్రాలు 165/80 ఆర్14. అదే స్విఫ్ట్‌లో పై వేరియంటు జడ్‌డీఐకి కంపెనీయే 185/65 ఆర్15 ఇచ్చింది. చుట్టుకొలత దాదాపు సమానం, కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపించదు. వెడల్పు పెరిగి పట్టు పెరుగుతుంది. ‘‘కంపెనీ ఇచ్చినదే కాబట్టి సరే’’ అన్నాడు బాపు. జడ్‌డీఐ అలాయ్ చక్రాలు పాతవి దొరికాయి, టైర్లు కొత్తవి. నాలుగు షాకబ్జర్లు, బుష్‌లు, బ్రేకు ప్యాడ్లు, ఆయిలు. హెడ్‌లైట్ల పసుపు గీకించి మెరుగు పెట్టించాను. నూరు వాట్ల బల్బులు వేద్దామంటే సాబ్ వినలేదు. 60 వాట్ల హోల్డరు కరుగుతుందట, ఎదుటివాడి కళ్లూ పోతాయి. డ్రైవరు సీటు ఫోమ్ మార్చాం. మొత్తం బిల్లు 84,000. చక్రాలు బిగించాక బాపు పాప గోళ్లరంగు తెప్పించుకుని, సాబ్ స్టూలు వేస్తే దాని మీద కూర్చుని, పదహారు నట్లకూ చుక్కలు పెట్టాడు.

స్పోర్ట్స్ కారు అయిందా? కాలేదు. కాలు నొక్కితే అదే పాత స్విఫ్ట్, లారీని దాటాలంటే ముందుగా ఆలోచించుకోవాలి. కానీ సదాశివపేట దాటాక వంపు దగ్గర ఇదివరకు పడవలా ఊగే బండి ఇప్పుడు గీత గీసినట్టు పోతోంది. మొదటిసారి అలా పోయినప్పుడు ఒక్కణ్నే ఉన్నాను. నవ్వాను. అవుటర్ మీద నవ్విన నవ్వంత పెద్దది కాదు.

జడ్4 మాత్రం మనసులోంచి పోలేదు. రెండు వారాల తర్వాత యార్డుకు ఫోన్ చేశాను, అమ్ముడుపోయిందన్నారు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ‘‘ఎవరు కొన్నారట?’’ అని మా ఆవిడ అడిగింది. పెళ్లికాని కుర్రాడట. ‘‘అదీ సంగతి’’ అంది. మిగిలిన డబ్బు బ్యాంకులోనే ఉంది. మా బండికి 2027తో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ప్రకటనలు చూడటం మాత్రం మానలేదు. ఈ మాట మా ఆవిడ చదివే పేజీలోనే రాస్తున్నాను.

పోయిన నెల పరీక్షలకు వెళ్లే రోజు. తెల్లవారుజామున ఐదు గంటలు, బయట మంచు. ఇంజిను వేడెక్కిస్తున్నాను. బాపు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. వెనక తలుపు దాటి వచ్చి ముందు తలుపు తెరిచాడు. నా ల్యాప్‌టాప్ బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టాడు.

‘‘ఎనక కూసుంటే షాకబ్జర్లు తెలుస్తయి గని, ముందల ఎట్లున్నదో తెల్వది’’ అన్నాడు, నేను అడక్కుండానే.

కూర్చున్నాడు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగిలాయి. నాలుగేళ్లుగా ఆ సీటు ముందుకే ఉంది. అమ్మ పొట్టి. చేత్తో కింద తడుముకుంటూ, ‘‘దీని లివరేడున్నదిరా?’’ అని అడిగాడు. చెప్పాను. సీటు వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, అద్దం కాస్త దించాడు.

‘‘పోనీ. కంకోల్ టోల్ దాటినంక చాయ్ తాగుదాం.’’